సదురుకుంటది

ఖానాపూర్
23 జూన్ 2024

ప్రజ్ఞ బిడ్డకు రుక్మత్త దీవెనలు.

నేను ఫోను ఎత్తడం లేదని మీ బాపుకు చాడీ చెప్పావట. ఎత్తి ఏం చేయను? చెవి మిషను పెట్టుకుని ఫోను దగ్గర పెడితే అది కుయ్యోమని కూత పెడుతుంది, తీసేస్తే నీ మాట వినిపించదు. మా సంతోష్ మెసేజీలు పెట్టడం నేర్పిస్తానన్నాడు గానీ ఆ చీమల అక్షరాలతో నాకు పడదు. ఇన్నేండ్లు పంతులమ్మగా పిల్లలకు అక్షరాలు దిద్దించినదాన్ని, నాకు కాగితమే కావాలి. నువ్వూ కాగితం మీదే రాయి. కోడి గెలికినట్టు రాస్తే మాత్రం తిప్పి పంపిస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న పక్కింటి గంగుబాయి మనవడి తొట్టెల వేడుకకు పోయాను. అక్కడ నలుగురు నీ గురించి అడిగారు. "మీ తమ్ముడు శ్యాంసుందర్‌రావు బిడ్డ ఏం పని చేస్తది?" అంటే, నువ్వు ఎప్పుడో చెప్పిన మాట గుర్తు తెచ్చుకుని "కరీంనగర్‌ల చూపుల మీద పనిచేస్తది" అన్నాను. గంగుబాయి ముఖం ఇంతయింది. "మంచి మాట చెప్పినవ్ రుక్మక్కా. మా అల్లుని తమ్మునికి గూడ జర ఒక సంబంధం చూడుమను" అంది. నువ్వు పెండ్లిచూపులు కుదిర్చే పనిలో ఉన్నావనుకుంది ఆ మహాతల్లి. అందరూ ఒకటే నవ్వు. నాకు తిరిగి ఏం చెప్పాలో తెలియలేదు, ఎందుకంటే నువ్వు చేసేదేమిటో నాకే తెలియదు. పెద్ద చదువు చదువుతున్నావని తెలుసు, కండ్ల డాక్టరువు కావని తెలుసు, అంతే. కాబట్టి నాకు అర్థమయ్యేట్టు విడమరిచి రాయి. ఈసారి ఎవరైనా అడిగితే నోరు మూతపడేట్టు చెప్పాలి నేను.

ఇంట్లో అందరం బాగున్నాం. సంతోష్ ఉట్నూర్‌లో ఆఫీసు చూసుకుని శనివారం వచ్చి సోమవారం పొద్దున జీపెక్కుతాడు. ఇల్లంతా కోడలు సృజన మీదే నడుస్తోంది. మనవరాలు ఉజ్వల ఒకటో తరగతిలో చేరింది. దాని ఎడమ కన్ను ముక్కు వైపు పోతుంది కదా, నిర్మల్‌లో డాక్టరు అద్దాలిచ్చి, బాగున్న కుడి కంటికి రోజూ కాసేపు కట్టు కట్టమన్నాడు. బడికి కూడా కట్టుతోనే పంపుతోంది సృజన. పిల్లలు "ఒంటికన్ను" అని పిలుస్తున్నారట, ఇది ఏడుస్తూ వస్తోంది. మెల్లకన్ను అదృష్టం గదా, ఉన్న అదృష్టాన్ని మూటగట్టి దాచుడేందని గంగుబాయి అంటుంది. ఆ మాట నేను పట్టించుకోను గానీ పిల్ల ఏడుపు చూడలేకపోతున్నాను. సరే, అది డాక్టర్ల పని. నువ్వు నీ చూపుల సంగతి రాయి.

మీ మేనత్త
రుక్మాబాయి


కరీంనగర్
3 జూలై 2024

రుక్మత్తకు,

తిప్పి పంపించకు, నా రాతల్లో ఇదే మంచిది.

గంగుబాయి గారి మాట నాతో పనిచేసేవాళ్లకు చెప్తే పొట్ట పట్టుకుని నవ్వారు. ఇక్కడ ఒక కంటి ఆసుపత్రి వెనక మాకు రెండు గదులు ఇచ్చారు. రోజూ మామూలు మనుషులే వస్తారు. పెద్దపల్లి నుంచి వచ్చిన రైతు ఉంటాడు, పేషెంటుతో పాటు వచ్చి ఊరికే కూర్చున్న తల్లి ఉంటుంది. గడ్డం కదలకుండా ఒక పీట మీద ఆనిస్తారు. ఎదురుగా తెర మీద ఒక చుక్క వెలుగుతుంది, అది ఆరి ఇంకో చోట వెలుగుతుంది. వాళ్ల కన్ను అక్కడికి దుముకుతుంది. ఆ దుముకును కెమెరా పట్టుకుంటుంది. నేను పొద్దంతా చూసేది అదే.

అదేం పని అంటావు. కన్ను జారుతూ పోదత్తా, దుముకుతూ పోతుంది. ఇప్పుడు నువ్వు ఈ వరుస చదువుతుంటే కూడా నీ కన్ను మాట నుంచి మాటకు ఎగురుతోంది. నమ్మకపోతే సృజన అక్క పేపరు చదువుతున్నప్పుడు దగ్గర కూర్చుని ఆమె కండ్లు చూడు.

ఇంత దూరం, ఇటు వైపు అని కంటికి చెప్పేది మెదడు. అందులో వేల కణాలు కలిసి ఆ మాట చెబుతాయి. మనుషుల మెదడులోకి మేం తొంగి చూడలేం గానీ కోతుల మెదడులో ఆ కణాలను విన్నవాళ్లున్నారు. వాళ్లు చెప్పేది వింటే నీకు ఆశ్చర్యమేస్తుంది. ఏ కణమూ ఒకసారి అన్నట్టు రెండోసారి అనదు. అదే చుక్క, అదే చోటు, అదే కోతి. అయినా ఇందాక గట్టిగా అరిచిన కణం ఇప్పుడు గొణుగుతుంది, ఇందాక గొణిగింది ఇప్పుడు అరుస్తుంది. ఈ తేడాలను మా చదువులో చప్పుడు అంటారు. మెదడు నిండా ఈ చప్పుడే ఉంటుంది. కన్ను మాత్రం వాలాల్సిన చోటే, దాదాపు వెంట్రుకవాసి తేడాతో వాలుతుంది.

ఎట్లా? సంతోష్ బావ పెండ్లిలో నలుగురు మనుషులు బగారన్నం బగోన రెండు కర్రల మీద మోసుకుని పందిట్లోకి వచ్చారు, గుర్తుందా? ఒకడు పొట్టి, ఒకడు పొడుగు, ఒకని కాలు గుంటలో పడింది. వాని భుజం దిగగానే పక్కవాని భుజం తనంతట తనే లేచింది. నలుగురివీ నాలుగు నడకలు, బగోన మాత్రం ఒరగలేదు. మెదడు కూడా అట్లాంటి పనే చేస్తుందని మా సారు అంటారు. ఒక కణం తగ్గిన చోట ఇంకోటి పెరుగుతుంది. చప్పుడును అది నోరు మూయించదు, పనికి అడ్డం రాని దారిలో పోనిస్తుంది. అప్పటికీ కన్ను కొంచెం ఇవతల పడితే, మనకు తెలియకుండానే ఇంకో చిన్న దుముకు దుమికి అందుకుంటుంది. ఎంత తప్పు వచ్చినా మెదడు తనంతట తనే సర్దుకుంటుంది.

ఇన్నేండ్లుగా ఇదే చూస్తున్నా నాకు విసుగు రాలేదు. ఎవరూ మెచ్చుకోకుండా, ఎవరికీ కనిపించకుండా, మనం కన్ను తెరిచిన దగ్గర నుంచి మూసేదాకా అది ఆ పని చేస్తూనే ఉంటుంది. చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఇక ఎవరైనా అడిగితే చెప్పు, మీ ప్రజ్ఞ చేసేది ఆ మొక్కే అని.

బాపు మోకాళ్ల నొప్పి కొంచెం నయం.

నీ కోడిగెలుకుడు
ప్రజ్ఞ


ఖానాపూర్
21 జూలై 2024

నా బంగారు ప్రజ్ఞకు,

ఎంత బాగా రాశావు బిడ్డా. నీ ఉత్తరం నేను రెండుసార్లు చదువుకుని, తర్వాత వాకిట్లో కూర్చోబెట్టి అందరికీ పాఠంలా చదివి వినిపించాను. బగోన దగ్గరికి వచ్చేసరికి మా పాలేరు అంజన్న లేచి నిలబడ్డాడు. "గా గుంటల పడ్డది నా కాలే, దొరసానీ" అన్నాడు. నిజమే, ఆ నలుగురిలో అతనూ ఒకడు. పెద్ద చదువుల్లో తన కాలు ఎక్కిందని ఊరంతా చెప్పుకుంటున్నాడు.

నీ మాట ఎంతమందికి మేలు చేసిందో విను. గంగుబాయికి ఏడాదిగా చెవిలో గుయ్యిమని మోత. ఏదో పెద్ద రోగమని భయపడి అన్నం మానేసింది. "మెదడుల చప్పుడు అందరికి ఉంటదట, మా పిల్ల రాసింది, ఫికర్ చేయకు" అని చెప్పాను. ఆ రోజు నుంచి కడుపు నిండా తింటోంది.

ఇంకో మేలు నీకు తెలియకుండానే చేశావు. నీ ఉత్తరం చదివిన మరునాడు ఉజ్వల కంటి కట్టు తీసేయించాను. సృజన ఊరుకోలేదు. "డాక్టర్ వద్దనేదాక తీయద్దన్నడు అత్తమ్మా" అని అడ్డం వచ్చింది. "మెదడు తనంతట తనే సదురుకుంటదని మా ప్రజ్ఞ చక్కగ రాసింది. డాక్టర్ ఒక్కడే సదివిండా, నా మేనకోడలు సదువలేదా?" అని ఆ వాక్యం కింద వేలు పెట్టి చూపించాను. వంటింట్లోకి పోయింది. పిల్ల మాత్రం ఎగిరి గంతేసింది. ఇప్పుడు నవ్వుతూ బడికి పోతోంది. దాని నవ్వు చూస్తే నీకే పుణ్యం అనిపిస్తుంది.

వచ్చే నెల నిర్మల్ చూపించుకోవడానికి రమ్మన్నారు. పోవద్దని చెప్పాను. ఎందుకు ఊరికే బస్సు ఖర్చు.

మీ మేనత్త
రుక్మాబాయి


కరీంనగర్
25 జూలై 2024

అత్తా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ముందు ఉజ్వలకు కట్టు కట్టించు. ఇవాళే, ఈ కాగితం కింద పెట్టగానే.

నేను రాసింది దాని కంటి గురించి కాదు. అందరి కండ్లలో ఉండే చిన్న తడబాటు గురించి. అది ఒకసారి ఇటు పోతుంది, ఒకసారి అటు పోతుంది, ఒకదాన్ని ఇంకొకటి కొట్టేసుకుంటుంది. ఉజ్వల కన్ను అట్లా కాదు, ఎప్పుడూ ఒకే వైపు పోతుంది. ఎప్పుడూ ఒకే వైపు పోయే తప్పును కొట్టేయడానికి ఎదురు తప్పు ఉండదు. రెండు కండ్లు రెండు వైపులు చూస్తే మెదడుకు రెండు బొమ్మలు వస్తాయి. ఆ గందరగోళం పడలేక అది పక్కకు పోయిన కంటి మాట వినడమే మానేస్తుంది. కొన్నేండ్లు అట్లా పోతే ఆ కంటికి చూసే నేర్పు పోతుంది. కంట్లో ఏమీ చెడదు, అయినా కనిపించదు, ఏ అద్దాలూ పనిచేయవు. బాగున్న కంటికి కట్టు కడితేనే మెదడు గతిలేక రెండో కంటి మాట వింటుంది. ఇది చిన్నప్పుడే బాగా జరుగుతుంది. దానికి ఇప్పుడు ఆరేండ్లు. పెద్దయిన కొద్దీ మెదడు మొండికేస్తుంది.

సృజన అక్కకు ఫోను చేశాను. "నేను కడ్తె అత్తమ్మ ఇప్పుతున్నది. సంతోష్ చెప్పినా ఇంటలేదు, నీ ఉత్తరమే చూపెడుతున్నది. నువ్వు రాసినదాన్ని నువ్వే కొట్టెయ్యాలె" అంది. కొట్టేస్తున్నాను. చదువు చెప్పిన మనిషివి, ఒక డాక్టరు మాట కాదని ఆ పిల్ల కన్ను తీసేసే పని ఎట్లా చేశావత్తా?

గంగుబాయి గారిని చెవి డాక్టరుకు చూపించమను. మెదడు చప్పుడు చెవికి వినిపించేది కాదు.

ప్రజ్ఞ


ఖానాపూర్
31 జూలై 2024

డాక్టరు ప్రజ్ఞ గారి సముఖమునకు,

తమరి ఉత్తరం అందింది. చదువు చెప్పిన దాన్నే. చదవడం కూడా వచ్చు. తమరు జూలై మూడో తేదీన రాసినది ఇంకోసారి తీసి చూశాను. "ఎంత తప్పు వచ్చినా మెదడు తనంతట తనే సర్దుకుంటుంది" అని ఉంది. ఎంత తప్పు వచ్చినా అని రాసింది మీరు. నేను కలిపి చదవలేదు. ఒకే వైపు తప్పు, రెండు వైపుల తప్పు అని అప్పుడు రాయలేదు. ఇప్పుడు మాట మార్చి, మనవరాలి కన్ను తీసేదాన్నని నన్ను అంటున్నారు.

దాన్ని పురిట్లో మొదట ఎత్తుకున్నది ఈ చేతులు. అది బడి నుంచి ఏడుస్తూ వస్తుంటే మూల మలుపులోనే నాకు తెలుస్తుంది, వినిపించి కాదు, నడక చూసి. కరీంనగర్‌లో చల్లటి గదిలో కూర్చుని రాయడం సులువు. ఇక్కడ ఆ కట్టు పీకినప్పుడల్లా కనుబొమ్మల వెంట్రుకలు ఊడి వచ్చేవి, పిల్ల కేకలు పెట్టేది.

నా కోడలు నా మీద మీకు ఫోనులో చెప్పిందని ఇప్పుడే తెలిసింది. సంతోషం.

కట్టు కట్టలేదు. ఏది నిజమో మీరు తేల్చుకుని రాసేదాకా కట్టనివ్వను.

రుక్మాబాయి


కరీంనగర్
6 ఆగస్టు 2024

రుక్మత్తా,

నన్ను గారు అనకు, నాకు ఏడుపొస్తుంది. నిజంగానే వచ్చింది.

నువ్వు అన్నది సబబే. ఎంత తప్పు వచ్చినా అని రాశాను, అది నా తప్పే. జూన్‌లో నువ్వు ఉజ్వల ఏడుపు గురించి రాశావు. నేను నా పని మోజులో పడి దాని పేరు కూడా ఎత్తకుండా నాలుగు పేజీలు మెదడును పొగిడాను. నాకంటే జాగ్రత్తగా చదివే మనిషివి నువ్వు, నా వాక్యాన్ని నేను రాసినట్టే చదివావు. కన్ను తీసేదానివన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ కట్టు మాట మాత్రం వెనక్కి తీసుకోను. పోయిన ఉత్తరంలో అరిచాను, ఇప్పుడు నిదానంగా చెబుతాను.

ఆ నలుగురిలో ఒకని భుజం ఎప్పుడూ కిందికే దిగుతుందనుకో. మిగతా ముగ్గురు ఎంతసేపు ఓర్చుకుంటారు? వాణ్ని పక్కన నిలబెట్టి ముగ్గురే మోసుకుపోతారు. బగోన ఒరగదు. అన్నం పందిట్లోకి వస్తుంది. చూసేవాళ్లకు అంతా బాగానే ఉంటుంది. కొన్నాళ్లకు వాడు మోయడం మరిచిపోతాడు. మెదడు సర్దుకుంటుంది అంటే అర్థం అదీ అత్తా. సర్దుకోవడం అంటే బాగుపడటం కాదు. లేనిదానితో పని నడిపించుకోవడం. అది ఎంత నేర్పుగా నడిపిస్తుందంటే, పోగొట్టుకున్నది ఏమిటో పోగొట్టుకున్నవాళ్లకే తెలియదు. నేను మొక్కేది ఆ నేర్పుకే, ఇప్పుడు భయపడుతున్నదీ ఆ నేర్పుకే.

నా మాట నమ్మొద్దు, డాక్టరు మాటా నమ్మొద్దు. ఉజ్వలతో ఆడుకుంటున్నట్టు దాని అద్దాలు తీయకుండా కుడి కన్ను నీ చేత్తో మూయి. దొంగచూపు చూడకుండా బాగా మూయి. దానికి వచ్చిన అక్షరాలే నాలుగు కలిపి పలక మీద రాసి చదివించు. తర్వాత ఎడమ కన్ను మూసి చదివించు. నీకు ఏది నిజమనిపిస్తే అది చెయ్యి.

నీ
ప్రజ్ఞ


ఖానాపూర్
20 ఆగస్టు 2024

ప్రజ్ఞ బిడ్డకు,

నిన్న రాఖీ. మీ బాపు పొద్దున్నే వచ్చి కట్టించుకుని పోయాడు. నేను మిఠాయి పెట్టడం మరిచిపోతే ఒంట్లో బాగాలేదనుకున్నాడు.

నువ్వు చెప్పిన ఆట ఆడాను. పలక మీద "పలక" అనే రాశాను, అది దానికి చాలా ఇష్టమైన మాట. కుడి కన్ను మూశాను. పిల్ల ముఖం పలక మీదికి తెచ్చింది, వెనక్కి తీసుకుంది, తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. నా వేళ్ల సందులోంచి చూడాలని గింజుకుంది. "చదువు బిడ్డా" అన్నాను. "ఎట్ల సదువాలె బాపమ్మా, అక్షరాలన్ని ఒకదాని మీద ఒకటి కూసున్నయ్" అంది. ఎడమ కన్ను మూస్తే గడగడ చదివేసింది. మళ్లీ కుడి కన్ను మూసి ఒక్క అక్షరమే పెద్దగా రాసి ఇచ్చాను. తడుముకుని చెప్పింది. చెప్పి, "గీ కన్నుకు గట్లనే ఉంటది గదా, నీకు గూడ ఉండదా?" అని అడిగింది. అందరికీ అట్లాగే ఉంటుందనుకుంటోంది అది.

నేను పలక పక్కన పెట్టి లోపలికి పోయాను. నీకు ఒక సంగతి చెబుతాను, మీ బాపుకు కూడా తెలియదు. నా ఎడమ చెవి ముసలితనంతో పోయింది కాదు. ఉజ్వల అంత ఉన్నప్పుడు అందులోంచి చీము కారేది. దవాఖానకు తీసుకుపొమ్మని మా అవ్వ అంటే మా బాపు, "చిన్నపిల్ల, అదే సదురుకుంటది" అన్నాడు. సదురుకున్నాను. మాటలన్నీ కుడి వైపు నుంచి రావాలని బడిలో ఎడమ గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. అత్తగారింట్లో ఎడమ వైపు నుంచి పిలిస్తే పలికేదాన్ని కాదు, "దొరసానికి పొగరు" అన్నారు. పొగరన్నా పడ్డాను గానీ చెవి వినిపించదని చెప్పలేదు. పంతులమ్మనయ్యాక కూడా ఎడమ వైపు బెంచీల పిల్లలు ఏం గుసగుసలాడేవారో నాకు తెలియదు. ఎంత బాగా సదురుకున్నానంటే అరవై ఏండ్లు ఎవరూ కనిపెట్టలేదు. ఆ మాట మా బాపు నోట్లోంచి వచ్చి నా నోట్లో కూర్చుంది. నీ ఉత్తరంలో దాన్ని చూడగానే చుట్టాన్ని చూసినట్టు సంబరపడ్డాను. నువ్వు రాసింది ఒకటి, నేను చదువుకున్నది ఇంకోటి. అందులో నీ తప్పు కొంచెమే.

వంటింట్లోకి పోయి సృజనతో, "నువ్వు చెప్పిందే బరాబర్, నేను ఇనలే" అన్నాను. ఆమె గరిటె పట్టుకుని నిలబడిపోయింది. అత్తగారు అట్లా అనడం ఈ ఇంట్లో మొదటిసారి కదా. తర్వాత, "ఇనకపోతే ఏమాయె, ఇప్పుడు ఇన్నరు గదా" అంది. మంచి పిల్ల. ముందు నుంచీ తనే సరిగ్గా చెప్పింది, నేనే నోరు మూయించాను.

పోయిన వారం నిర్మల్ పోయి వచ్చాం. డాక్టరు నన్ను బాగానే కోప్పడ్డాడు, తల వంచుకుని కుడి చెవితో అంతా విన్నాను. కట్టు ఇంకో రకం ఇచ్చాడు, వెంట్రుకలు లాగదు. పోయిన రోజులు పోయినట్టే, గంటలు పెంచి చూద్దాం, ఎంత తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఆ మాట నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు.

ఇక బడి సంగతి. ఒంటికన్ను అని పిలిచేవాళ్ల పేర్లు అడిగి కర్ర పట్టుకుని పోదామనే బయలుదేరాను. దారిలో బుద్ధి మార్చుకున్నాను. ఆ టీచరమ్మ ఒకప్పుడు నా దగ్గర చదివిందే. అడిగితే తరగతి నాకు వదిలేసింది. పిల్లలందరినీ ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించమన్నాను, పెద్ద గోనె సూదులే తీసుకుపోయాను. ఒక్కడికీ చప్పున ఎక్కలేదు. "ఉజ్వల రోజు గిట్లనే లెక్కలు చేస్తది, బొమ్మలేస్తది. మీలో ఎవరన్న చేస్తరా?" అన్నాను. మా వాడలోని అంతయ్య మనవడు లేచి, "నాకు గూడ కట్టు కావాలె టీచర్" అన్నాడు. మరునాడు నలుగురు చేతిరుమాళ్లు కట్టుకుని వచ్చారట. టీచరమ్మ తల పట్టుకుంది.

ఇంట్లో అది కట్టు కట్టుకున్నంతసేపు నేనూ ఒకటి కట్టుకుంటున్నాను. ఈ ఉత్తరం అట్లాగే రాస్తున్నాను, వరుసలు గుట్టెక్కితే నన్ను ఏమీ అనకు.

గంగుబాయి చెవిలో గుబిలి గడ్డకట్టిందట. తీయించుకుంది, మోత పోయింది. నీకు దండం చెప్పమంది, సంబంధం సంగతి మాత్రం మరిచిపోవద్దంది.

మీ మేనత్త
రుక్మాబాయి


కరీంనగర్
8 సెప్టెంబర్ 2024

రుక్మత్తకు,

నీ వరుసలు గుట్టెక్కాయి, దిగాయి, ఒక చోట కాగితం దాటి పోయాయి. దాన్ని దాచుకున్నాను.

నీ చెవి సంగతి చదివాక నాకు ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేను నీ ఎడమ పక్కన పడుకుని కథ చెప్పమని అడిగితే నువ్వు పలికేదానివి కాదు. నన్ను కుడి వైపుకు జరుపుకుని అప్పుడు చెప్పేదానివి. అది నీ అలవాటు అనుకున్నాను. పొద్దంతా మనుషుల కండ్లలో వెంట్రుకవాసి తేడాలు వెతికేదాన్ని, ఇంట్లో మనిషిలో ఇది కనిపెట్టలేదు.

సూదుల పాఠం మా సారుకు చెప్పాను. ఆయన ఇద్దరు డాక్టర్లకు చెప్పారు. పిల్లలతో కట్టు ఎట్లా ఉంచాలో తెలియక తల్లులు ఇక్కడ రోజూ ఏడుస్తారు. నువ్వు నిజంగా గొప్పదానివత్తా. ఇది నిన్ను మంచి చేసుకోవడానికి రాయడం లేదు.

ఉజ్వల గురించి నేను మాట ఇవ్వలేను. అది ఎడమ కంటితో గీసే ప్రతి గీతకూ మెదడు ఆ కంటి మాట కొంచెం వింటుంది. వద్దని వదిలేసిన దాన్ని మళ్లీ పిలిచి పని నేర్పడం మెదడుకు చాలా కష్టం, ఆరేండ్ల పిల్లకు ఇంకా కష్టం. రోజూ చేస్తోంది చూడు, దానికంటే ధైర్యవంతులు నాకు తెలియదు. నా మొక్కు ఇకనుంచి దానికే. కానీ పూర్తిగా వస్తుందా, సగమే వస్తుందా, మధ్యలో పోయిన రోజుల వల్ల ఏం పోయింది, ఇవి ఎవరూ చెప్పలేరు. నాకూ నిద్ర లేదు.

నీ
ప్రజ్ఞ


ఖానాపూర్
9 ఫిబ్రవరి 2025

నా ప్రజ్ఞకు,

శుక్రవారం నిర్మల్ పోయి వచ్చాం. ఫోనులో సృజన నీకు చెప్పే ఉంటుంది, అయినా నా చేత్తో రాయాలి. పటం మీద పై అక్షరం దగ్గరే ఆగిపోయే పిల్ల ఎడమ కంటితో చాలా కిందికి దిగింది. కుడి కంటితో సమానం కాలేదు. ఇంకో ఏడాది కట్టు తప్పదన్నాడు డాక్టరు, కన్ను పక్కకు పోవడానికి తర్వాత చిన్న ఆపరేషను కావచ్చన్నాడు. సంతోష్ అంతా కాగితం మీద రాసుకున్నాడు. బయటికి వచ్చాక బస్టాండులో ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు. నేను చూశాను.

నేను అప్పటికీ నమ్మలేదు. డాక్టర్ల పటాలు వేరు, మనిషి చూపు వేరు అనుకున్నాను. ఆ అక్షరాలు పిల్లకు కంఠతా వచ్చి ఉంటాయని కూడా అనుమానపడ్డాను. నా బుద్ధి నీకు తెలుసు కదా.

ఇవాళ పొద్దున ఎండలో కూర్చుని కంది పప్పు చెరుగుతున్నాను. ఉజ్వల కుడి కంటికి కట్టుతో వచ్చి నా ముందు కూర్చుంది. రాళ్లు ఏరుతానంది. కాసేపు ఏరింది. ఏరుతూ ఏరుతూ తలెత్తి నా ముఖం వైపు చూసి ఆగిపోయింది. చేట పక్కకు జరిపి, మోకాళ్ల మీద లేచి, నా గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పింది.

"బాపమ్మా, నీ మొకం మీద గిన్ని గీతలు ఎప్పుడొచ్చినయ్?" అని అడిగింది.

"ఎప్పటిసంది ఉన్నయ్ బిడ్డా" అన్నాను.

"గీ కంటితోని చూస్తె ఉండకపోతుండె. నున్నగ ఉంటుండె నీ మొకం" అంది. దాని వేలు తెచ్చి నా కంటి కొన దగ్గర ఒక గీత మీద పెట్టింది. బరాబర్ దాని మీదే పెట్టింది ప్రజ్ఞా. చివరిదాకా తీసుకుపోయింది, తర్వాత దాని పక్క గీత మీదికి వచ్చింది.

నాకు ఏడుపు ఆగలేదు. "ఏడ్వకు, గీతలు కదులుతున్నయ్" అని కసిరింది. అన్నీ లెక్కపెట్టేదాకా కదలొద్దంది.

కదలకుండా కూర్చున్నాను.

రుక్మత్త